తల్లిచేప బేరం

మా కంపెనీ పెంచేది చేపలను. సౌదీలో జెద్దాకూ యాన్బుకూ నడుమ సముద్రం ఒడ్డున, చుట్టుపక్కల ఊరన్నది లేని చోట, నీళ్ళలో పెద్ద పెద్ద గుండ్రటి వలగూళ్ళు కట్టి పండుగప్పలను పెంచేది. నేను అక్కడ పంపులు బాగుచేసే మెకానిక్‌ని. నా పేరు లింబాద్రి, మాది నిజామాబాద్ జిల్లాలో భీంగల్ పక్క పల్లె. నాకు ముక్కు మీదే కోపం అని ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ కోపం తెప్పించేవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనరు, అదే నాకు అర్థం కాదు.

లెవీ వచ్చిన సంవత్సరం అది. పరాయి దేశపు మనిషిని పనిలో పెట్టుకుంటే అతని తల మీద కంపెనీ సర్కారుకు పన్ను కట్టాలి. కట్టాల్సింది కంపెనీ. మావాళ్ళు దాన్ని మా జీతాల్లోంచి కోశారు. నా తల మీద పన్ను నా చేతనే కట్టించుకుని, ఇంకా ఉద్యోగంలో ఉంచినందుకు సంతోషపడమన్నారు. నేను సంతోషపడలేదు.

అంతకు ముందు నుంచే నితాఖత్ అని ఒకటి ఉంది. కంపెనీలో చాలినంతమంది సౌదీలు ఉంటే ఆకుపచ్చ రంగు, లేకపోతే ఎరుపు. ఎరుపు పడితే కొత్త వీసాలు రావు, మేము అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులు రెన్యువల్ కావు. మా కంపెనీది నిగనిగలాడే ఆకుపచ్చ. ఆ సౌదీలు ఎలా ఉంటారో మాలో ఎవరూ చూడలేదు. కాగితం మీద మా మేనేజరు ఒక సౌదీ కుర్రాడు, ఎక్కడో చదువుకుంటున్నాడట. నిజంగా పని చేసే మేనేజరు భీమవరం నుంచి వచ్చిన వీరభద్రరావు గారు. మా జీతాల్లో లెవీ కోసే చెయ్యి కూడా ఆయనదే. కాగితం మీద ఆయన సూపర్‌వైజరు.

యాన్బులో ఒక కంపెనీ నాకు పని ఇస్తానంది. పంపుల పనే, లెవీ వాళ్ళే కట్టుకుంటారు. కావాల్సిందల్లా మా కంపెనీ నన్ను వదులుకుంటున్నట్టు ఒక కాగితం. దాన్ని తనాజుల్ అంటారు. మమ్మల్ని వీసా మీద రప్పించిన సౌదీ యజమానిని కఫీల్ అంటారు. కఫీల్ తరఫున దాని మీద సంతకం పెట్టే అధికారం వీరభద్రరావు గారికి ఉంది. సంతకం పక్కన కంపెనీ ముద్ర పడాలి. నేను అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"ముద్ర రియాద్‌లో ఉందయ్యా, కఫీల్ గారి దగ్గర. ఆయన ఇటు వచ్చినప్పుడు చూద్దాం."

కఫీల్ రాడు. ముద్రా రాదు. మొత్తానికే ఇంటికి పోతానంటే మాత్రం ముద్ర అవసరం లేదు, కంప్యూటర్‌లో ఒకటి నొక్కితే ఫైనల్ ఎగ్జిట్ పడిపోతుంది. అంటే ఉంటే ఇక్కడ కోతలతో ఉండు, లేదా ఇంటికి పో, పక్క కంపెనీకి మాత్రం పోకు. యాన్బు వాళ్ళు కూడా ఎన్నాళ్ళని ఆగుతారు? ఆ నెలలోపు కాగితం తెస్తే సరే, లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామని ఫోను చేసి చెప్పారు.

అలాంటి సమయంలో పెద్ద గాలి వచ్చి, గూళ్ళలో ఒకదాని వల చిరిగింది. చిరిగిన గూటిలోనే తల్లిచేపలుండేవి. గుడ్ల కోసం ఎన్నో ఏళ్ళు మేపిన పండుగప్పలు అవి. అందులో అన్నిటికంటే పెద్దది, వీపు మీద పసుపు రంగు గుర్తు కుట్టినది, సముద్రంలోకి పోయింది. దానితో పాటు చిన్నాచితకా చాలా పోయాయి. అవి దూరం కూడా పోలేదు. ఒడ్డు నుంచి నీళ్ళలోకి పోసిన రాళ్ళకట్ట దగ్గర, మా పంపులు వాడిన నీళ్ళు వదిలే చోట చేరి తిరుగుతుండేవి. పుట్టినప్పటి నుంచి మేత పైనుంచి పడటమే చూసినవి, ఎక్కడికి పోతాయి?

మేముండే కాంపులో వాటికి హురూబ్‌లు అని పేరు పెట్టాము. మనిషి పని వదిలి పారిపోయాడని కఫీల్ రిపోర్టు ఇస్తే అది హురూబ్. అది పడినవాడికి ఇక ఉద్యోగం లేదు, పట్టుకుంటే జైలు, అటునుంచి అటే ఇల్లు. పారిపోనివాళ్ళ మీద కూడా కోపం వస్తే రాసేస్తారు. చేపలు నిజంగానే పారిపోయాయి కాబట్టి వాటికి ఆ పేరు న్యాయంగానే దక్కిందని మొండయ్య అనేవాడు. మొండయ్య మా గదిలో పెద్దవాడు, వలలు కుట్టే పని.

రాళ్ళలో వల వేస్తే చిరుగుతుంది. మందు వేసి పట్టుకుంటే చేప చస్తుంది. అందుకని వీరభద్రరావు గారు కాంపుకు వచ్చి, అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"గాలంతోనే పట్టాలి. ప్రాణంతో తేవాలి. ఆ పసుపు గుర్తు తల్లిని ఎవడు తెచ్చినా సరే, వాడు ఏది అడిగితే అది ఇప్పిస్తాను."

"తనాజుల్ ఇప్పిస్తరా సారు?" అని అడిగాను.

ఆయన నా వంక చూసి, "ఇప్పిస్తాను. అందరి ముందూ చెబుతున్నాను కదా" అన్నాడు.

నాకు ఆ రాత్రి నుంచి వేరే ధ్యాస లేదు. మా ఊళ్ళో కొర్రమట్టలు పట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఇది నేను చెప్పుకోవడం కాదు, ఊళ్ళో అడిగినా చెప్తారు. గాలానికి బతికిన కప్పను గుచ్చి, తామరాకుల మీద టపటపా ఎగిరిస్తూ లాక్కుంటూ వస్తే కొర్రమట్ట ఆగలేదు, కింద నుంచి ఎగిరి అందుకుంటుంది. ఆ ఆడించడంలోనే ఉంది పనితనమంతా. ఇక్కడ కప్పలు లేవు గానీ మస్తానన్న ఉన్నాడు.

మస్తాన్ వలీది కడప జిల్లా. మేత లారీ, చేపల లారీ నడుపుతాడు. చేతికి కొంచెం తీరిక దొరికితే గాలం కర్ర పట్టుకుని రాళ్ళ మీద కూర్చుంటాడు. జెద్దాలో గాలం సామాన్లు అమ్మే దుకాణం నుంచి రబ్బరు పురుగుల పొట్లాలు తెచ్చుకుంటాడు. వేలంత లావు, జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు, మెత్తగా, ఉప్పు వాసనతో ఉంటాయి. వాటికి కళ్ళు లేవు, తోక లేదు, కాళ్ళు లేవు. అటూ ఇటూ ఒకేలా ఉన్న రబ్బరు పుల్ల అంతే. బాస్ అనే చేప కోసం తయారు చేసినవట, పొట్లం మీద దాని బొమ్మ ఉంది. పండుగప్పను కూడా ఇంగ్లీషులో సీబాస్ అనే అంటారు కాబట్టి సరిపోతుందని మస్తానన్న లెక్క. అతను కూడా తనాజుల్ అడిగి అడిగి విసిగిపోయినవాడే. జెద్దాలో అతని బావమరిది ఇస్సాక్ పని చూసిపెట్టి ఎదురుచూస్తున్నాడు.

"మనిద్దరం కలిసి పడదాం అన్నా. దొరికితే ఇద్దరి కాగితాలు అడుగుదాం" అన్నాను.

"ఒక చేపకు రెండు కాగితాలా? ఇస్తాడంటావా?"

"ఎందుకియ్యడు? నీ పురుగు, నా చెయ్యి."

"నీ చెయ్యి సంగతి మొదట చూస్తాం లేప్పా" అన్నాడు మస్తానన్న.

శుక్రవారం సెలవు. నమాజు ముగించుకుని మస్తానన్న వచ్చాక రాళ్ళ మీదికి పోయాము. అతను పురుగును గాలానికి ఎక్కించిన తీరు చూస్తే నాకు నవ్వు వచ్చింది. సీసం గుండు లేదు. కొక్కెం మొనను పురుగు వంటిలోనే దాచేశాడు, రాళ్ళకు తట్టుకోకుండా. దాన్ని నీళ్ళలోకి విసిరి, దారం వదులు చేసి, ఊరికే కూర్చున్నాడు. అది దానంతట అదే వణుక్కుంటూ మెల్లగా కిందికి దిగింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. దారం మింద కన్ను పెట్టు. దిగేటప్పుడే పట్టుకుంటాది. దారం పక్కకు జరిగిందంటే నోట్లో పడినట్టే. అప్పుడు లాగు."

నేను రెండో కర్ర తీసుకుని విసిరాను. అది నీళ్ళలో పడిందో లేదో నా చెయ్యి ఊరుకోలేదు. కప్పను ఆడించినట్టు మణికట్టుతో టకటకా ఆడించాను. మస్తానన్న కాసేపు చూశాడు.

"ఏమప్పా లింబాద్రీ, అది కప్పనా ఎగిరిచ్చేదానికి? ఇడ్సిపెట్టు. దాని పాటికి అది దిగుతాది."

"ఊకె కూసుంటే చేపకు ఎట్ల తెలుస్తది అన్నా?"

"దానికి తెలుస్తాది. నీకే తెలీడంల్యా."

నాకు ఒళ్ళు మండింది. అయినా మళ్ళీ విసిరాను, మళ్ళీ ఆడించాను. అలవాటు అంత తొందరగా పోదు. మూడో నాలుగో సారి విసిరినప్పుడు రాళ్ళ పక్కన నీళ్ళు ఒక్కసారి పసుపుగా మెరిశాయి. తల్లిచేప. నా పురుగు వెనకే వచ్చింది. అది నోరు తెరిచే సమయానికి నా చెయ్యి పురుగును పైకి ఎగిరించింది. కొర్రమట్ట అయితే ఎగిరి అందుకునేది. పండుగప్ప ఆగి, తిరిగి, లోతుకు పోయింది.

మస్తానన్న తన దారం చుట్టుకుని ఇంకో పురుగు ఎక్కించాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారమంతా పంపుల దగ్గర పని చేస్తున్నా నా చెయ్యి నాకే పరాయిగా అనిపించింది. ఊళ్ళో నాకు పేరు తెచ్చిన చెయ్యి నా కాగితాన్ని నీళ్ళలో పారేసింది. చేప మీద కోపం లేదు, నా మీద కోపం వచ్చింది. నా మీద నాకు కోపం రావడం అరుదు కాబట్టి దాన్ని ఎలా తీర్చుకోవాలో కూడా తెలియలేదు.

యాన్బు వాళ్ళు పెట్టిన గడువుకు ముందు ఇంకొక్క శుక్రవారమే మిగిలింది. ఆ రోజు మస్తానన్న కంటే ముందు నేనే రాళ్ళ మీదికి పోయాను. కర్రను రెండు రాళ్ళ మధ్య ఇరికించి, కుడి చెయ్యిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. మస్తానన్న వచ్చి చూసి నవ్వాడు.

"చెయ్యికి హురూబ్ రాసినట్టుండావే."

"గంతే. లేకుంటే ఇనదు."

పురుగు దిగుతోంది. దారం వదులుగా నీళ్ళ మీద తేలుతోంది. ఏమీ చెయ్యకుండా ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు. నేనెప్పుడూ ఏదో ఒకటి చేసి బతికినవాణ్ణి. తనాజుల్ కోసం కూడా ఎన్నిసార్లు ఆఫీసుకు పోయానో, ఎన్నిసార్లు బతిమాలానో, ఎన్నిసార్లు తగువు పెట్టుకున్నానో. దారం మెల్లగా ఎడమ పక్కకు జరిగింది. అల లేదు, గాలి లేదు. ఊరికే జరిగింది.

"లాగు" అన్నాడు మస్తానన్న.

తొడ కింద చెయ్యి తిమ్మిరెక్కి ఉంది. ఆ తిమ్మిరి చేత్తోనే కర్ర అందుకుని ఒక్క పట్టున లాగాను. అవతలి నుంచి అంతకు రెండింతల బలంతో లాగింది. తరువాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. అది రాళ్ళ వైపు పోతే నేను పక్కకు పరుగెత్తాను, లోతుకు పోతే దారం వదిలాను, ఒకసారి నీళ్ళ మీదికి ఎగిరి తల విదిలించినప్పుడు దాని వీపు మీద పసుపు గుర్తు చూశాను. మస్తానన్నా నేనూ ఒకరినొకరు పేర్లు పెట్టి తిట్టుకున్నాము. చివరికి అది అలసి పక్కకు ఒరిగింది. నేను నడుము లోతు నీళ్ళలోకి దిగి, చేతికి గుడ్డ చుట్టుకుని కింది దవడ పట్టుకున్నాను. పండుగప్ప చెంప రేకు కత్తి కంటే పదును. గుడ్డ తెగింది, అరచెయ్యి కూడా తెగింది. నేను వదల్లేదు.

మస్తానన్న ఫోను చేసిన కాసేపటికి వీరభద్రరావు గారు పికప్ నడుపుకుంటూ వచ్చాడు. వెనక ఆక్సిజన్ పెట్టిన నీళ్ళ ట్యాంకు ఉంది. బండి దిగి పరుగున నీళ్ళ అంచు దాకా వచ్చాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

"దొరికిందా? అబ్బ, బతికించావయ్యా లింబాద్రీ. తీసుకురా, తీసుకురా, ట్యాంకులో వేసేద్దాం."

"కాగితాలు సారు" అన్నాను.

"అదే, ఇప్పిస్తానన్నాను కదా. ముందు చేపను పైకి తే."

"ముందు కాగితాలు. నాదొకటి, మస్తానన్నది ఒకటి."

ఆయన ముఖం మారింది. "ఏంటయ్యా ఇది, సమయం సందర్భం లేదా? ముద్ర రియాద్‌లో ఉందని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కఫీల్ గారు వచ్చాక ఇద్దరికీ చేయించే పూచీ నాది. చేప చచ్చిపోద్ది, పైకి రా."

"సావది. నీళ్ళల్నే ఉన్నది."

అది నిజం. అలసిన చేపను నీళ్ళలో ముందుకూ వెనక్కూ మెల్లగా జరుపుతుంటే నోట్లోంచి నీళ్ళు పోయి మొప్పలకు ఊపిరి అందుతుంది. గూళ్ళలో చేపలను మార్చేటప్పుడు మేమంతా అలాగే చేస్తాము, ఆయన నేర్పిందే. నేను అలా జరుపుతూ నిలబడ్డాను. చేప మెల్లగా తేరుకుంటోంది. తేరుకునే కొద్దీ నా చేతిలో దాని బరువు పెరుగుతోంది.

"నీ మీద హురూబ్ రాస్తాను" అన్నాడు ఆయన.

ఆ మాటతో నా కోపం తలకెక్కింది. ఇన్నేళ్ళు ఆయన పంపులు ఆగకుండా చూసినవాణ్ణి. ఎండలో, ఉప్పులో, గాలి దుమ్ములో ఒక్క రోజు పని ఎగ్గొట్టినవాణ్ణి కాదు.

"రాయుండ్రి సారు. నేనేడికి వారిపోయిన్నో రాయుండ్రి. మీ ముంగట్నే, నడుం లోతు నీళ్ళల్ల నిలవడ్డ. మీరు నాకు హురూబ్ రాస్తె నేను దీనికి హురూబ్ ఇస్త."

దవడ మీద పట్టు కొంచెం సడలించాను. చేప ఒక్కసారి తోక కొట్టింది. నీళ్ళు నా ముఖాన పడ్డాయి. వీరభద్రరావు గారు బూట్లు తడిసేలా ముందుకు వచ్చి రెండు చేతులూ చాపాడు.

"వద్దు, వద్దు బాబూ. ఆ చేప కనబడకపోతే కఫీల్ నన్ను ఊరికి పంపనన్నాడు. నా సెలవు ఆపేశాడు. మా ఆవిణ్ణి చూసి ఎంతకాలమైందో నీకేం తెలుసు?"

"నాకు దెల్వదా సారు?" అన్నాను.

మస్తానన్న రాతి మీద నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నాడు. అతనికి ఉన్నట్టుండి ఏదో తట్టింది.

"సార్, ఒక మాట అడగాల. నిన్న గూడా చేపల లారీ జెద్దాకు పోయింది గదా. బిల్లు నా చేతికే ఇచ్చినారు. దాని మింద ముద్ర ఉండింది. తడి గూడా ఆరలేదు. రియాద్‌లో ఉండే ముద్ర ఈడ ఎట్ల పడింది సార్?"

నా బుర్ర ఎక్కడికి పోయిందో ఇన్నాళ్ళు. రోజూ లారీలు పోతుంటాయి, రోజూ బిల్లుల మీద ముద్ర పడుతుంటుంది, నేను వాటి పక్కనే పంపులు విప్పుతూ కూర్చున్నాను. ముద్ర రియాద్‌లో ఉందంటే నమ్మాను. సిగ్గు, కోపం రెండూ కలిసి వచ్చాయి.

"బండిల ఉన్నదా సారు?"

వీరభద్రరావు గారు నా వంక చూడలేదు. చేప మళ్ళీ కొట్టింది, ఈసారి ఇంకా గట్టిగా. ఆయన వెనక్కి తిరిగి పికప్ దగ్గరికి నడిచాడు. ముందు సీటు దగ్గర చిన్న అర తెరిచాడు. అందులో ముద్ర, సిరా డబ్బా, కంపెనీ పేరు అచ్చేసిన తెల్ల కాగితాలు దొంతరగా ఉన్నాయి. బానెట్ మీద పెట్టి రాశాడు. నా పేరు రాశాడు, మస్తానన్న పేరు రాశాడు, సంతకం పెట్టాడు, ముద్ర కొట్టాడు. మస్తానన్న ఇఖామాలు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు.

"సరిగ్గానే ఉండాయప్పా."

"ఇంక తే" అన్నాడు వీరభద్రరావు గారు.

నిజం చెప్పాలంటే నేను ఒడ్డు వైపు అడుగు వేశాను. నాకు కావాల్సింది దొరికింది. కానీ బానెట్ మీద ముద్ర కనబడుతోంది. అరచేతిలో పట్టేంత రబ్బరు ముక్క. దాని కోసం మొండయ్య ఎన్నిసార్లు తిరిగాడు, మా గదిలో ఎంతమంది తిరిగారు, రియాద్ అన్న ఒక్క మాటకు ఎంతమంది తలలు వంచుకుని వెనక్కి వచ్చారు. నేను వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

"మస్తానన్నా, కాంపుకు ఫోన్ కొట్టు. తనాజుల్ కావాలన్నోళ్ళు అందరు రావాలె. ఇఖామాలు తెచ్చుకోమని చెప్పు."

"ఏం మాట్లాడుతున్నావయ్యా?" అన్నాడు వీరభద్రరావు గారు.

"ముద్ర ఉన్నది, కాగితాలున్నయి, సంతకం జేసెటోరున్నరు. చేప గూడ ఉన్నది. ఇంకేం గావాలె సారు?"

"అందరూ పోతే గూళ్ళెవరు చూస్తారు?"

"మన ఆకుపచ్చ సౌదీలు ఉన్నరు గద. కాగితం మీద."

మస్తానన్న అప్పటికే ఫోనులో మాట్లాడుతున్నాడు. కాంపు దగ్గరే. శుక్రవారం కాబట్టి అందరూ గదుల్లోనే ఉన్నారు. చెప్పులు వేసుకున్నవాళ్ళు, వేసుకోనివాళ్ళు, లుంగీ మీదే బయలుదేరినవాళ్ళు, ఇసుకలో గుంపుగా వచ్చారు. నేను నీళ్ళలో చేపను పట్టుకుని నిలబడి ఉండటం, మేనేజరు బండి ముందు ముద్ర పట్టుకుని ఉండటం చూసి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మస్తానన్న రెండు ముక్కల్లో చెప్పాడు. అప్పుడు అర్థమైంది. ఒకరి వెనక ఒకరు బానెట్ ముందు నిలబడ్డారు.

వీరభద్రరావు గారు రాయడం మొదలుపెట్టాడు. మొండయ్య వంతు వచ్చినప్పుడు ఆగి తలెత్తాడు.

"నీకెందుకయ్యా మొండయ్యా? నువ్వెక్కడికి పోతావు? నీకు పని ఎవరిచ్చారు?"

"ఎవరియ్యలేదు సారు. ముందుగాల్ల చేతిల వడనియ్యి. పోవుడా ఉండుడా, తర్వాత నేను జూసుకుంట."

ఆయన మొండయ్యకు కూడా రాశాడు. నా కాళ్ళకు స్పర్శ పోయింది. తెగిన అరచెయ్యి ఉప్పు నీళ్ళలో మండుతోంది. చేప పూర్తిగా తేరుకుంది, దాని బలమంతా నా మణికట్టు మీదే ఉంది. మస్తానన్న కూడా నీళ్ళలోకి దిగి దాని పొట్ట కింద చేతులు పెట్టాడు. ఇద్దరం కలిసి పట్టుకుంటే కాని ఆగేలా లేదు. నాకు భయం వేసింది, ఆ మాట దాచను. అది ఒక్కసారి గట్టిగా విదిలిస్తే ఇంకా కాగితం అందనివాళ్ళ పని అయిపోయినట్టే. పళ్ళు బిగించి పట్టుకున్నాను.

చివరి మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వీరభద్రరావు గారు సిరా డబ్బా మూత పెట్టబోయాడు.

"మీది?" అని అడిగాను.

"నాదేంటి?"

"మీ తనాజుల్."

"నా మొహం. నాకు నేను ఎలా కొట్టుకుంటానయ్యా?"

"మాకు గొట్టినట్టే."

నేను వెటకారానికి అన్నానో, నిజంగా అన్నానో నాకే సరిగ్గా తెలియదు. ఆయన మీద నాకు జాలి లేదు. ఇంతకాలం మా ముద్ర తన బండిలో పెట్టుకు తిరిగినవాడి మీద జాలి ఎక్కడి నుంచి వస్తుంది? కానీ ఒక చేప కోసం ఇంటికి పోలేక ఆగిపోయినవాడు అక్కడ నిలబడి ఉన్నాడు, ఆ ముద్రేమో ఆయన చేతిలోనే ఉంది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మొండయ్య దొంతరలోంచి ఒక తెల్ల కాగితం తీసి ఆయన ముందు బానెట్ మీద పరిచాడు. ఎగరకుండా నాలుగు మూలలకూ నాలుగు గులకరాళ్ళు పెట్టాడు. వీరభద్రరావు గారు కలం తీసి తన పేరు రాసుకున్నాడు. మా పేర్లు గబగబా రాసినవాడు తన పేరు మాత్రం చాలా నెమ్మదిగా రాశాడు. ముద్ర ఎంత గట్టిగా కొట్టాడంటే బానెట్ రేకు మోగింది.

తరువాత కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, బూట్లతోనే నీళ్ళలోకి దిగి వచ్చాడు. చేప తోక దగ్గర రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను తల, మస్తానన్న నడుము. ముగ్గురం కలిసి ఎత్తి, బండి దాకా మోసి, ట్యాంకులో దించాము. ఇచ్చిన మాట ఇచ్చిందే. చేప ఒక చుట్టు తిరిగి ట్యాంకు అడుగున నిలబడింది.

వీరభద్రరావు గారు తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. గుంపు కాంపు వైపు కదిలింది. ఆయన కొంచెం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"యాన్బులో మీ కంపెనీలో సూపర్‌వైజరు ఖాళీలేమైనా ఉన్నాయేంటయ్యా?"

"అడుగుత సారు" అన్నాను. "మా జీతంల లెవీ ఎవరు గోసిండ్రో గది గూడ చెప్త."